స్టాక్ లేదు, రేపు రండి

అవతలి మనిషికి మన మీద మనసు తగ్గిన సంగతి ఫోన్ మెసేజీల్లో ఎట్లా కనిపెట్టాలో హాలియాలో నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదని మొన్నటిదాకా నా నమ్మకం. నేను కవిని కాదు, మనస్తత్వ డాక్టర్ని అంతకంటే కాదు. మెయిన్ రోడ్డు మీద నాకో ఎరువులు, పురుగుమందుల దుకాణం ఉంది. ఈ విద్య దుకాణంలోనే అబ్బింది.

నాగార్జునసాగర్ ఎడమ కాలువకు 1967లో నీళ్లు వదిలినప్పటి నుంచి మా దిక్కు వరి తప్ప వేరే ముచ్చట లేదు. వెనకటికి రైతు ఆకు తెంపుకొని, కండువాలో కట్టుకొని దుకాణానికి వచ్చేవాడు. ఇప్పుడు గట్టు మీద నిలబడి ఫొటో కొట్టి వాట్సాప్‌లో పెడతాడు. "అన్నా, ఎర్రవడ్డది, ఏం గొట్టాలె?" నేను ఒక చేత్తో టీ గ్లాసు పట్టుకొని ఇంకో చేత్తో జవాబిస్తాను. నూలుకండె ఆకారంలో మచ్చలుండి నడుమ బూడిద రంగుంటే అగ్గితెగులు. అంచుల నుంచి ఎండుకుంటూ వస్తే ఎండాకు తెగులు. ముదురాకు మీద తుప్పు రంగు మచ్చలైతే జింకు లోపం. అర నిమిషం చాలు. గర్వమని కాదు గానీ, ఫొటో సరిగ్గా పడకపోయినా చెబుతాను.

అట్లాంటి నా దగ్గరికి 2025 సెప్టెంబరు మొదట్లో ఓ సాయంత్రం మా దుకాణంలో పనిచేసే పిల్లగాడు తన ఫోన్ తెచ్చాడు. వాడికి మిర్యాలగూడలో ఓ అమ్మాయి ఉంది. ఉంది అని వాడు అనుకుంటున్నాడు.

"అన్నా, ఇది జర చూడే."

చూశాను. ఆకు చూసినట్టే చూశాను. "ఇంతకుముందు ఎన్ని లైన్లు రాసేదిరా?"

"మూడు, నాలుగు రాసేదన్నా."

"ఇప్పుడు?"

"'హా' అంటది. ఒక్కోపారి 'హ్మ్'."

"ముందుగాల మెసేజ్ ఎవరు పెడుతుండ్రు?"

"నేనే."

"తిన్నవా, యాడున్నవ్, ఏం జేస్తున్నవ్... ఏమన్న అడుగుతదా?"

వాడు తల అడ్డంగా ఊపాడు.

"ఇది కాండం తొలిచే పురుగురా," అన్నాను, రైతులతో మాట్లాడే గొంతుతోనే. "గట్టు మీద నిలబడి చూస్తే పొలమంతా పచ్చగనే కొడుతుంటది. లోపలికి దిగి, నడుమ మొవ్వు పట్టి గుంజు. ఉత్తగ చేతికొస్తది. నీ కత గంతే. మొవ్వు పోయింది."

వాడు బస్తాల చాటుకు పోయి కండ్లు తుడుచుకున్నాడు. మందుల వాసన పడలేదన్నాడు. ఇంత లోతుగా చూడగలిగినందుకు నాకు లోలోపల కొంచెం సంతోషమే కలిగింది. ఆ పాపం ఆ రాత్రే తగిలింది.

దుకాణం మీదనే మా ఇల్లు. కింద యూరియా, పైన సంసారం, నడుమ పదహారు మెట్లు. షట్టర్ దించి కుర్చీలో కూర్చొని, పిల్లగాడికి వేసిన ప్రశ్నలే ఒకసారి నాకు నేను వేసుకుందామని మా ఆవిడ చాట్ తెరిచాను. ఊరికే, సరదాకు.

ఆమె మా మేనమామ బిడ్డ. పుట్టినప్పటి నుంచి నన్ను 'బావా' అనే పిలుస్తుంది. సంక్రాంతికి పెట్టిన మెసేజ్ ఇది: "బావా, సకినాలు అయినయ్. ఉడుకుడుకుగ ఉన్నయ్, పైకి రా." మార్చిలో: "బావా తిన్నవా?" ఆగస్టు మొదట్లో: "తిన్నవా?" ఆగస్టు ఆఖర్లో: "తిను." చివరిది సెప్టెంబరుది: "అన్నం."

అన్నం, పక్కన ఓ చుక్క. ఆ చుక్కను కాసేపు చూస్తూ ఉండిపోయాను. ఎండాకు తెగులు ఎట్లా అంచుల నుంచి లోపలికి వస్తుందో అట్లా మా మాటల్లో ముందు 'బావా' ఎండింది, తర్వాత ప్రశ్న ఎండింది, తర్వాత క్రియాపదం కూడా పోయి ఒక్క నామవాచకం మిగిలింది. రేపో మాపో చుక్క ఒక్కటే వస్తుంది.

మరి నా వైపు మెసేజీలు చూశానా? చూడలేదు. మా రైతులూ అంతే. ఆకు ఫొటో పెడతారు గానీ, తాము ఎన్ని బస్తాల యూరియా చల్లారో మాత్రం చెప్పరు.

'బావా' పోయిందని ఇంత బాధ ఎందుకో చెప్పాలంటే 2004కు పోవాలి. అప్పుడు మాకు నిశ్చయమైంది. ఆమె నల్లగొండలో డిగ్రీ చివరి సంవత్సరం. ఇంటికి వచ్చినప్పుడు మామ ఫోన్ నుంచి, ఆయన స్నానానికి పోయిన పది నిమిషాల్లో నాకు ఎస్సెమ్మెస్ కొట్టేది. అది నోకియా 1100. తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో కుక్కేవాళ్లం. 'బావా' కొట్టడం ఎంత పనో ఇప్పటి పిల్లలకు తెలియదు. ఏ, బి, సి మూడూ 2 అంకె మీదనే ఉంటాయి. బి కావాలంటే 2 రెండుసార్లు నొక్కాలి. తర్వాత ఏ కూడా ఆ బటన్ మీదే కాబట్టి, గీత పక్కకు జరిగేదాకా ఒక్క క్షణం ఆగాలి. ఆగి మళ్లీ 2. ఆపైన 8 మూడుసార్లు నొక్కితే వి. మళ్లీ 2. మొత్తం ఏడు నొక్కులు, నడుమ ఒక ఆగడం.

ఆగకుంటే? 2 వరసగా మూడుసార్లు పడి సి అవుతుంది. 'బావా' కాస్తా సి, వి, ఏ అవుతుంది.

మామ గబగబా నాలుగు చెంబులు పోసుకొని బయటికొచ్చే రకం. ఓ ఆదివారం నాకు మెసేజ్ వచ్చింది. మొదటి మాట సి, వి, ఏ. కూడబలుక్కొని చదివాను: "శివా, తిన్నవా?"

ఆ రాత్రి నిద్ర లేదు. శివ ఎవడు? వాడు తింటే ఈమెకేంటి? వాడికి పోవాల్సింది పొరపాటున నాకొచ్చిందా? వాళ్లది మల్లేపల్లి. అక్కడ ఆ పేరుతో ఎవరెవరున్నారో ఓ స్నేహితుడితో వాకబు చేయించాను. ముగ్గురు తేలారు. ఒకాయన డెబ్బై ఏండ్ల పూజారి, ఒకడు రెండో తరగతి. మూడోవాడు దుబాయిలో ఉన్నాడు. వారం రోజులు ఆ దుబాయివాడిని పగబట్టాను. చివరికి గుడి దగ్గర కలిసినప్పుడు ముఖం గంటు పెట్టుకొని అడిగితే, ఆమె ఫోన్ తీసుకొని 2 ఎట్లా నొక్కాలో, ఎక్కడ ఆగాలో చూపించింది. "మా నాయిన బొక్కెన సప్పుడు ఆగిపోతే నేను ఆగకుండ కొడతా," అంది. పెండ్లయ్యాక ఏడాది దాకా నన్ను ఇంట్లో 'సివా' అనే ఏడిపించింది.

అప్పట్లో పండుగ రోజు ఎస్సెమ్మెస్ ప్యాక్ పనిచేసేది కాదు. దసరా నాడు మెసేజ్ పెడితే బ్యాలెన్స్‌లోంచి పైసలు కట్. అయినా పెట్టేది. అంటే, పైసలు పెట్టి, ఏడుసార్లు నొక్కి, నడుమ ఆగి 'బావా' అన్న మనిషి, ఇప్పుడు ఉత్త పుణ్యానికి వచ్చే డేటాలో "అన్నం" చుక్క అంటోంది.

మందు ఏం కొట్టాలి? మూడు గంటలు ఆలోచించి నేను కనిపెట్టిన మందు మౌనం. ముందు నేను మెసేజ్ పెట్టను, ఎన్నాళ్లకు తెలుసుకుంటుందో చూద్దాం అని పంతం పట్టాను. అయితే ఇక్కడో చిక్కుంది. నోటితో మామూలుగానే మాట్లాడుతున్నాను. చారు బాగుందంటున్నాను, టవలేదీ అంటున్నాను. మౌనవ్రతం ఫోన్లో మాత్రమే. కాబట్టి నేను అలిగిన సంగతి మా ఇంట్లో నాకు తప్ప ఎవరికీ తెలియలేదు. అలిగినవాడికి ఇంతకంటే అవమానం ఉండదు.

ఈలోగా బతుకమ్మ వచ్చింది. సెప్టెంబరు 21న ఎంగిలిపూల బతుకమ్మ. ముందు రోజే ఆమె తల్లిగారింటికి మల్లేపల్లి పోయింది. నాకు దుకాణం వదిలే వీలు లేదు. ఆ వానాకాలం యూరియాకు ఎంత కటకటైందో తెలంగాణలో వరి వేసిన ఎవరినడిగినా చెబుతారు. మబ్బుల లేచి వచ్చి, లైన్లో చెప్పులు పెట్టి, పాసుపుస్తకం పెట్టి, ఆ పక్కన చాప మీద కునుకు తీసినోళ్లున్నారు. 45 కిలోల బస్తా, ధర 266 రూపాయల 50 పైసలు. దానికోసం మనిషి మనిషిని నెట్టుకున్న రోజులు. పొద్దంతా రైతులతో ఈపాస్ మిషన్ మీద వేలు పెట్టించడం, ఫోన్‌కు జవాబులివ్వడం.

జవాబుల కోసం మా కొడుకు ఓ ఏర్పాటు చేసి పోయాడు. వాడు హైదరాబాద్‌లో ఇంజనీరింగ్. మామూలు వాట్సాప్ తీసేసి, దుకాణాలవాళ్ల కోసం 2018లో వచ్చిన వాట్సాప్ బిజినెస్ పెట్టాడు. అందులో గీత కొట్టి ఒకటి నొక్కితే "స్టాక్ లేదు, రేపు రండి." రెండు నొక్కితే "ఏ పంటకు? ఎన్ని ఎకరాలు?" వీటికి తోడు మనం ముట్టుకోకుండానే దానంతటదే పోయే స్వాగత సందేశం ఒకటి. రోజుకు రెండు మూడు వందల మందికి ఇవే. చాట్ ఎవరిదో చూడను. గీత, ఒకటి. గీత, రెండు. వేలికి అలవాటైపోయింది.

బతుకమ్మ మూడో రోజు పదకొండు గంటలప్పుడు, దుకాణం ముందు జనం కిటకిటలాడుతుండగా, మా ఆవిడ నాకొక మెసేజ్ పెట్టింది. నాకు బీపీ ఉంది. ఇక జరిగింది జరిగినట్టు రాస్తాను, ఒక్క అక్షరం మార్చను.

"మందులేసుకున్నవా?"

"నమస్కారం! మా దుకాణానికి స్వాగతం. మా వద్ద విత్తనాలు, ఎరువులు, అన్ని రకాల పురుగుమందులు సరసమైన ధరలకు లభించును. మీకు ఏ విధంగా సహాయపడగలం?"

"బీపీ మందు."

"ఏ పంటకు? ఎన్ని ఎకరాలు?"

"ఒక్కడే. నలభై ఎనిమిదేండ్లు. నెత్తి మీద కొంచెం కలుపు, మిగిలింది బీడు."

"స్టాక్ లేదు, రేపు రండి."

మొదటిది ఫోన్ దానంతటదే పంపింది. తర్వాతి రెండూ నా చేతి చలవే. కండ్లతో చూసి, వేలితో నొక్కి, భార్యకు పంపాను. ఆ పూట మాత్ర కూడా వేసుకోలేదు.

రాత్రి కొడుకు ఫోన్ చేశాడు. నవ్వు ఆపుకోలేక ముక్కుతో మాట్లాడుతున్నాడు. "డాడీ, మమ్మీ స్క్రీన్‌షాట్ తీసి అమ్మమ్మోళ్ల గ్రూప్‌ల పెట్టింది." ఆ గ్రూప్‌లో నలభై ముగ్గురు ఉంటారు. మామ తమ్ముళ్లు, వాళ్ల కోడండ్లు, అమెరికాలో ఉన్న బామ్మర్ది.

"నవ్వుడు ఆపురా. ఆ స్వాగతం మీ మమ్మీకి ఎందుకు పోయింది? కొత్తోళ్లకే పోతదంటివి గద?"

వాడు నవ్వాపాడు. "కొత్తోళ్లకు పోతది డాడీ. లేకుంటే... పద్నాలుగు రోజులు ఇద్దరి నడుమ ఒక్క మెసేజ్ గూడ లేకుంటే, మళ్ల కొత్తోళ్లే అనుకొని పంపుతది."

వాడేదో చదువులో మాట చెప్పినట్టే చెప్పాడు. నేను ఫోన్ పెట్టేసి వేళ్ల మీద లెక్కపెట్టాను. నిజమే. నా మౌనవ్రతం మొదలై పదిహేడో రోజు. ఇరవై ఏండ్ల కాపురాన్ని పద్నాలుగు రోజులు చూసి, 'ఈమె ఎవరో కొత్త ఆమె, నమస్కారం పెడదాం' అనుకుంది యంత్రం. దాన్ని తిట్టడానికి కూడా లేదు. దానికి అప్పజెప్పిన పని అది చేసింది.

అప్పుడు, ఆ రాత్రి, మొదటిసారి చాట్లో కుడివైపు చూశాను. కుడివైపు నేనున్నాను. సకినాల మెసేజ్ కింద నా బొటనవేలు. "తిన్నవా"కు బొటనవేలు. వాళ్ల అమ్మకు జ్వరమొచ్చిందంటే బొటనవేలు. పగలంతా రైతుల వేలిముద్రలు తీసుకొని, రాత్రి భార్యకు నా వేలిముద్ర వేస్తూ పోయాను. నడుమ, జులై ఆఖరు దగ్గర, ఇది:

"బావా! సాగర్ గేట్లు ఎత్తిండ్రంట. సాయంత్రం పోదమా? నేను తయారైత."

దానికి నా జవాబు: "స్టాక్ లేదు, రేపు రండి."

దాని కింద ఆమె మాట: "సరే."

ఆ 'సరే' తర్వాత ఈ చాట్లో 'బావా' అన్న మాటే లేదు. తెగులు తగిలిన తేదీతో సహా దొరికింది. ఫొటో స్పష్టంగానే ఉంది. డాక్టరుకే చూపు లేదు.

తప్పు తెలిసొచ్చిన రైతు ఏం చేస్తాడు? ఎక్కువ చేస్తాడు. పైరు ఎర్రబడిందంటే ఎకరాకు ఇంకో బస్తా యూరియా గుమ్మరిస్తాడు. వద్దురా, పచ్చగా ఏపుగా లేస్తది, వెనకనే సుడిదోమ దిగుతది, దుబ్బు మొదట్లో కూర్చొని రసం పీలుస్తది, పైనుంచి చూస్తే కనపడదు అని రోజుకు పదిమందికి చెప్పే నేను, తెల్లారి నుంచి మా ఆవిడకు పూల బొమ్మలు పంపడం మొదలుపెట్టాను. పొద్దున గులాబీ, పది గంటలకు తామర, మధ్యాహ్నం మంచు బొట్లు పడ్డ ఇంకో గులాబీ. రెండు హంసలు మెడలు కలిపినది ఒకటి. వాటి కింద ఎవరో రాసిన సూక్తులు.

మూడో రోజు జవాబొచ్చింది, పూర్తి వాక్యాల్లో. "ఫోన్ల జాగ లేదు. పూలు ఆపు. ఈడ బతుకమ్మకు తంగేడు దొరుకుతలేదు. పంపేటోనివైతే రెండు గంపల తంగేడు పంపు."

ఆగానా? లేదు. ఆ సాయంత్రం ధైర్యం చేసి, నా సొంత మాటల్లో, "ఏం చేస్తున్నవ్ బంగారం?" అని కొట్టాను. ఆ చాట్, ఈ చాట్ మారిపోయి అది జిల్లా ఎరువుల డీలర్ల గ్రూప్‌లో పడింది. అందరి కోసం తుడిచేసే వెసులుబాటు ఉందని గుర్తొచ్చేలోపే దేవరకొండ దిక్కు పెద్దాయన ఒకరు, డెబ్బై దాటిన మనిషి, ఎంతో మర్యాదగా జవాబిచ్చారు: "డీఏపీ దింపిస్తున్న. మీరు?"

మరునాడు బస్టాండ్ దగ్గర టీ హోటల్లో తల దించుకొని కూర్చుంటే, రిటైరైన తెలుగు పంతులుగారు పక్కన చేరారు. ఆయనకు ఎవరి బాధైనా అలంకారశాస్త్రంలో కొలిస్తే గానీ తోచదు. సగం విని, "నీకు తెలుసునా, శాతవాహనరాజు హాలుడు కూర్చిన గాథాసప్తశతిలో 'హాలియ' అనే మాట వస్తుంది! ప్రాకృతంలో హాలియ అంటే నాగలి దున్నేటోడు," అన్నారు. ఏడు వందల గాథలు, సగానికి సగం మీ ఇంటి గొడవలే అన్నారు. మనసు తగ్గిన మొగుళ్లు, మబ్బు చూసి కుమిలే ఇల్లాండ్లు, కబుర్లు మోసే చెలికత్తెలు. మా ఊరి పేరు దాని నుంచి వచ్చిందని ఆయన అనలేదు. నేనూ అనను. కానీ రెండువేల ఏండ్ల కింద కూడా కబురు పంపితే జవాబు రాని బాధ ఉందంటే కాస్త ఊరట కలిగింది.

"అయితే సార్, అష్టవిధ నాయికల్లో నాది ఏ అవస్థ? విరహోత్కంఠితమేనా?" అన్నాను ఆశగా.

"నువ్వు నాయికవు ఎట్లయితవ్ రా? రమ్మని కబురు పెట్టింది ఎవరు? ముస్తాబై కూర్చుంది ఎవరు? రానిది ఎవరు? ఆమె విప్రలబ్ధ. చెప్పిన చోటికి ప్రియుడు రాక మోసపోయినామె. నీకు వేరే లెక్కుంది. అనుకూలుడు, దక్షిణుడు, ధృష్టుడు, శఠుడు అని నాయకులు నాలుగు రకాలు." టీ గుక్కెడు తాగి నన్ను ఎగాదిగా చూశారు. "నాలుగింటిలోనూ స్టాక్ లేదని రాసుంటే నువ్వే."

ఆయనకు కూడా తెలిసిపోయింది. హాలియా ఎంత ఊరని.

ఇక దసరాకు మల్లేపల్లి పోక తప్పలేదు. దుకాణం పిల్లగాడికి అప్పజెప్పాను. 2025లో దసరా, గాంధీ జయంతి రెండూ అక్టోబరు 2నే పడ్డాయి. తెలంగాణలో దసరా నాడు మటన్ షాపులు మూసి ఉండటమంటే అదొక చారిత్రక సంఘటన. అల్లుడు వస్తే పప్పు. ముందు రోజే తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టినవాళ్లు పెట్టారు. మా అత్తమ్మ పెట్టలేదు. అది మరపా, తీర్పా అన్నది నేను తేల్చుకోలేదు.

గడప దగ్గరే అత్తమ్మ ఎదురొచ్చింది. కాళ్లకు నీళ్లిచ్చి, చేతులు కట్టుకొని నిలబడి, అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పింది: "నమస్కారం! మా ఇంటికి స్వాగతం. నీకు ఏ విధంగ సహాయపడగలం అల్లుడా?"

లోపలి నుంచి నలభై ముగ్గురిలో కనీసం పదిహేను మంది నవ్వు వినిపించింది. మాకు దగ్గర్లోనే నాగార్జునకొండలో మూడో శతాబ్దపు శాసనాలు దొరికాయి. ఇక్ష్వాకుల ఇంటి ఆడబిడ్డ చాంతిసిరి స్తంభాలు నిలబెట్టి, అల్లుడు వీరపురుషదత్తుడికి ఆయుష్షూ జయమూ కలగాలని రాతి మీద చెక్కించింది. అట్లాంటి అత్తలు ఏలిన నేల ఇది. ఆ రాయిని ఎవరూ స్క్రీన్‌షాట్ తీయలేదు, ఆయన అదృష్టం.

సాయంత్రం జమ్మి దగ్గరికి పోయి వచ్చాక అందరూ ఆకులు చేతుల్లో పెట్టుకొని అలాయ్ బలాయ్ తీసుకుంటున్నారు. నేను డాబా మీదికి పోయి ఆమె చేతిలో జమ్మి ఆకు పెట్టాను. "బంగారం," అన్నాను, ఆనవాయితీ ప్రకారం.

"డీలర్లకు ఇయ్యకపోతివి?" అంది.

ఆ సంగతి కూడా చేరింది. దుకాణంలో పిల్లగాడికి జీతం ఇచ్చేది నేను, వాడు వార్తలిచ్చేది మాత్రం ఆమెకు. నేను క్షమాపణ లాంటిదేదో గొణుగుతుంటే ఆమె ఫోన్ తీసి జులై మెసేజ్ చూపించింది.

"నీలం చీర కట్టుకొని మెట్ల మీద కూసున్న. నీ మెసేజ్ వచ్చింది. ముందుగాల నవ్వొచ్చింది, తెలుసా? పాపం, లైన్ల మీద లైన్లు, పిచ్చెక్కినట్టుంది అనుకున్న. నవ్వినంక మళ్ల చదివిన. 'రండి' అన్నవ్."

"అది నేను రాసింది కాదు, కొడుకు పెట్టిన..."

"ఇరవై ఏండ్ల సంది 'రా' అన్నోనివి. తిట్టినా 'రా' అనే తిట్టినవ్. 'రండి' అనుడేంది? నేనెవరు నీకు, పెద్దవూర నుంచి వచ్చిన రైతునా?"

నాకు నోట మాట రాలేదు. స్టాక్ లేదన్నందుకు కాదు, రేపన్నందుకు కాదు. మర్యాదకు కోపమొచ్చింది. తెలుగులో ఒక మనిషిని దూరం పెట్టాలంటే తలుపు మూయనక్కర లేదు, చివర 'అండి' తగిలిస్తే చాలని పంతులుగారు కూడా చెప్పలేదు.

"మరి అడగొచ్చు గద?"

"అడిగిన. 'తిన్నవా' అని అడిగిన. నువ్వు బొటనవేలు పెట్టినవ్. తిన్నవని అర్థమా, తినలేదనా? గందుకే 'తిను' అన్న. దానికీ అదే వేలు. 'అన్నం' అని పెట్టి చూసిన. మళ్ల వేలే. ఇంక రెండు రోజులైతే ఖాళీ మెసేజ్ పెట్టి చూద్దామనుకున్న, దానికి గూడ వేలు పెడ్తవో లేదో అని."

అంటే నేను ఆమెకు పరీక్ష పెడుతున్నానని అనుకున్నన్నాళ్లూ ఆమె నాకు పరీక్ష పెడుతోంది. నాదింకా ప్రశ్నపత్రం తయారవుతుండగానే ఆమె పేపర్లు దిద్దేసింది.

తెల్లారి తిరుగు ప్రయాణంలో హాలియాకు తిరగకుండా బండిని నేరుగా సాగర్‌కు పోనిచ్చాను. ఆ ముచ్చట రాయను. నీలం చీరే కట్టుకుందని మాత్రం చెబుతాను. నా జేబులో ఫోన్ గంటలో ముప్పై ఒక్కసారి మోగింది. ముప్పై రెండోసారి మోగినప్పుడు నా చెయ్యి దానంతటదే జేబు దాకా పోయింది. ఆమె చూసింది. చెయ్యి వెనక్కి వచ్చింది.

దుకాణానికి వచ్చాక కొడుకును లైన్లో పెట్టుకొని ఫోన్ సెట్టింగులు మార్పించాను. స్వాగత సందేశం ఎవరికి పోవాలో ఎంచుకునే చోటు ఒకటుంది. అందరికీ, ఫలానావాళ్లకు తప్ప అని. ఆ తప్ప అన్న చోట ఆమె పేరు పెట్టాను. అత్తమ్మ పేరు కూడా పెట్టాను, ముందుజాగ్రత్తగా. బొటనవేలు మాత్రం సెట్టింగుల్లో లేదట, అది నేనే మానుకోవాలట. ఇప్పటికీ నా ఫోన్లో 'బా' అని కొడితే ముందు 'బాకీ' అనే మాటే చూపిస్తుంది.

మా పిల్లగాడి సంగతి అడుగుతారేమో. ఆ మిర్యాలగూడ అమ్మాయికి నిజంగానే ఇష్టం పోయింది. అక్కడ నా డాక్టరీ తప్పు కాలేదు. వాడు పది రోజులు అన్నం సరిగ్గా తినలేదు. తర్వాత ఓ మధ్యాహ్నం, "సరే. మంచిగుండు," అని ఒక్క మెసేజ్ పెట్టి, ఆమెను మళ్లీ కదిలించలేదు. పూల బొమ్మలు లేవు, మౌనవ్రతం లేదు. ఇరవై మూడేండ్లవాడు. నన్ను సలహా అడిగి, పాటించకుండా బాగుపడ్డాడు.

మొన్న రాత్రి ఎనిమిది దాటింది. లెక్కలు చూసి, షట్టర్ సగం దించాను. ఫోన్ మోగింది. పైనుంచి, పదహారు మెట్ల అవతల నుంచి. ఇంగ్లీషు అక్షరాల్లో మూడే ముక్కలు ముందు: సి, వి, ఏ. తర్వాత "తిన్నవా?"

ఇప్పటి ఫోన్లో ఆ అక్షరాలు పొరపాటున పడవు. వెతికి, ఒక్కోటి నొక్కి, కావాలనే పెట్టింది. నేను జవాబు కొట్టబోయి, వేలు అలవాటు కొద్దీ గీత దగ్గరికి పోతుంటే గుంజుకొని, ఫోన్ జేబులో వేసుకొని, షట్టర్ పూర్తిగా దించి మెట్లెక్కాను.

తొమ్మిదో మెట్టు దగ్గర మళ్లీ మోగింది.

"ఎక్కకముందే చూసుకో. పాల ప్యాకెట్."

దిగాను.